పోయొస్తనని చెప్పన్నా!

సూట్‌కేసులో బట్టలు సర్దుతారు. పచ్చళ్లు సర్దుతారు. వీసా కాగితాలు, మందులు, దేవుడి పటం... అన్నీ సర్దుతారు. కానీ వెళ్లేవాడితో చెప్పాల్సిన అసలు మాట మాత్రం చాలా ఇళ్లలో గడప దగ్గరే మిగిలిపోతుంది. ఆ మాటను ఓ చెల్లెలు కాగితం మీద పెడితే?

ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు. నడింట్లో పెద్ద సూట్‌కేసు నోరు తెరుచుకుని ఉంటుంది. తల్లి సకినాల డబ్బా పెడుతుంది. కిలోలు ఎక్కువైతే ఎయిర్‌పోర్టులో తీసేస్తారంటూ తండ్రి బయటికి తీస్తాడు. ఆయన అటు తిరగ్గానే డబ్బా మళ్లీ లోపలికి వెళ్తుంది. చుట్టాలు వస్తుంటారు, పోతుంటారు. 'నీళ్లు బాగా తాగు', 'ఎవరితోనూ గొడవ పెట్టుకోకు', 'చేరగానే ఫోన్ చెయ్యి'... జాగ్రత్తలే జాగ్రత్తలు. ఇంత సందడిలోనూ ఓ మూల ఓ అమ్మాయి మౌనంగా ఉంటుంది. వెళ్లేది ఆమె పెద్దనాన్న కొడుకు. చిన్నప్పట్నుంచీ ఒకే వాకిట్లో పెరిగారు. చెప్పాల్సింది చాలా ఉంది. చెప్పే సందే దొరకదు. అందుకే అందరూ నడుం వాల్చాక నోట్‌బుక్కులోంచి ఓ కాగితం చింపుకుంటుంది.

ఊరు మారింది... ప్రయాణం ఆగలేదు

సిద్దిపేట జిల్లా మర్కూక్ మండలంలోని ఎర్రవల్లి చాలామంది పాఠకులకు తెలిసిన పేరే. మాజీ ముఖ్యమంత్రి కె.చంద్రశేఖరరావు వ్యవసాయ క్షేత్రం ఉన్న ఊరు. 2015 డిసెంబరులో అయుత చండీయాగం జరిగిందిక్కడే. 2016 డిసెంబరులో డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లలో సామూహిక గృహప్రవేశాలూ జరిగాయి. 2020 మే 29న ఇదే మండలంలో కొండపోచమ్మ సాగర్ ప్రారంభమై, గోదావరి నీళ్లు ఈ మెట్ట ప్రాంతానికి వచ్చాయి. ఆ జలాశయం సామర్థ్యం 15 టీఎంసీలు.

అంతకు ముందు? ఉత్తర తెలంగాణ పల్లెల్లో ఏ ఇంటి తలుపు తట్టినా వినిపించే కథే. బోరు వేస్తే నీళ్లు పడలేదు. ఇంకోటి వేస్తే అదీ పడలేదు. అప్పు మాత్రం మిగిలింది. అది తీర్చడానికి కొందరు భివండీ మగ్గాల దగ్గరికి వెళ్లారు, ఇంకొందరు దుబాయి ఎడారికి వెళ్లారు. కరీంనగర్, సిరిసిల్ల, జగిత్యాల, నిజామాబాద్, కామారెడ్డి వైపు ఎన్నో ఊళ్లలో గల్ఫ్ మనిషి లేని వాడ కనిపించదు. కరీంనగర్ వైపు నుంచి వచ్చే గల్ఫ్ కార్లు శంషాబాద్ విమానాశ్రయానికి వెళ్లేదీ గజ్వేల్ పక్క నుంచి సాగే రాజీవ్ రహదారి మీదే. తెల్లవారుజామున ఆ రోడ్డు పక్కన టీ హోటల్ దగ్గర ఆగిన కారును చూడండి. డిక్కీలో తాడుతో కట్టిన పెట్టె. వెనక సీట్లో కొంగుతో కళ్లొత్తుకునే తల్లి. ముందు సీట్లో కొత్త చొక్కా వేసుకుని, ఎటు చూడాలో తెలియని కుర్రాడు.

కజిన్ అంటే ఎవరు?

ఇంగ్లిషులో 'కజిన్' అనేస్తే సరిపోతుంది. మనకలా కుదరదు. పెద్దనాన్న, చిన్నాన్న పిల్లలు... పెద్దమ్మ, పిన్ని పిల్లలు... వీళ్లంతా అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లే. అదే మేనమామ, మేనత్త పిల్లలైతే బావలు, మరదళ్లు, వదినలు. ఎవరికి రాస్తున్నామన్న దాన్ని బట్టి ఉత్తరం మారిపోతుంది. బావకు రాస్తే ఎవరి కంటబడుతుందోనన్న బెరుకు. పెద్దమ్మ కూతురు ఎమ్మెస్ చదవడానికి అమెరికా వెళ్తుంటే, 'అక్కా, నీ గది నాకే కదా?' అన్న చనువు. అన్నకు రాస్తే అదో రకం. అందులో ప్రేమ ఉంటుంది, కోపం ఉంటుంది, కాస్త పెత్తనమూ ఉంటుంది. ఎందుకంటే తెలంగాణ పల్లెలో అన్న గల్ఫ్ వెళ్లడానికి కారణాల్లో తరచూ చెల్లెలి పెళ్లి కూడా ఒకటై ఉంటుంది. సొంత చెల్లెలే కానక్కర్లేదు, చిన్నాన్న బిడ్డ అయినా సరే!

మరి ఎర్రవల్లి లాంటి ఊళ్లో ఇంటర్ చదివే అమ్మాయి అలాంటి అన్నకు ఉత్తరం రాస్తే ఎలా ఉంటుంది? కింద ఉన్నది ఏ ఒక్క ఇంటి ఉత్తరమూ కాదు. అలాంటి ఇళ్లను తలచుకుని, ఊహించి రాసింది. చదవండి...

ఒక్కనివే ఉన్నప్పుడు సదువు

అన్నా,

ఈ కాయితం నీ నీలం గీతల అంగీ మడతల పెట్టిన. విమానంల సూస్తవో, రూముకు పోయినంక సూస్తవో తెల్వది. ఎప్పుడు సూసినా ఒక్కనివే ఉన్నప్పుడు సదువు.

మొకం మీదనే చెప్పుదామనుకున్న. పొద్దుగాల నుంచి ఇంటినిండ జనమే. నీ పక్కన పెద్దబాపు కూసుండె. ఆయన లేస్తే మా బాపు కూసుండె. అందరు నీకు జాగ్రత్తలు చెప్పుడే. 'నీకు బుగులైతుందా' అని ఒక్కలు గూడ అడగలె. నేను అడుగుతున్న. బుగులైతుందా అన్నా? నాకైతే అయితుంది.

నీకు యాదికున్నదా? నేను ఐదో తరగతిల ఉన్నప్పుడు సైకిల్ నేర్పిస్తనని చెరువు కట్ట మీదికి తీస్కపోయినవ్. 'పట్టుకున్న, పట్టుకున్న' అనుకుంటనే ఇడిసిపెట్టినవ్. సగం కట్ట దాటినంక ఎనుకకు సూస్తె నువ్వు దూరంగ నవ్వుకుంట నిలబడ్డవ్. అప్పుడు పడ్డ. మోకాలి మీద మచ్చ ఇంకా ఉన్నది. ఇప్పుడు మేమందరం నిన్ను పట్టుకున్నమని చెప్పుకుంటనే ఇడిసిపెడుతున్నట్టు అనిపిస్తుంది.

ఇంకో ముచ్చట. మొన్న రాత్రి వాకిట్ల మీరు మాట్లాడుకున్నది నేను విన్న. నీ వీసాకు తెచ్చిన లక్షన్నరకు నూటికి రెండు రూపాయల మిత్తి. అంటే నెలకు మూడు వేలు. నేను లెక్క చేసిన. ఆ అప్పు తీరినంక నా లగ్గానికి జమ చేస్తనని బాపుకు మాటిచ్చినవ్. నా లగ్గం గురించి నన్ను అడగకుంటనే మాటిచ్చినవ్. నాకు కోపమొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది.

నా లగ్గం కోసం నువ్వు ఎండల నిలబడొద్దు. నేను డిగ్రీ చదువుత. నౌకరి చేస్త. కట్నం అడిగేటోన్ని చేసుకోను. నీ పైసలతోని నీ అప్పు కట్టు. పెద్దమ్మకు మోకాళ్ల నొప్పులకు మంచి దవాఖానల చూపియ్యి. మిగిలితె నీకోసం దాచుకో. నా పేరు మీద ఇంకొక్క దినం గూడ ఎక్కువ ఉండొద్దు.

చెప్పిన పని ఇయ్యకుంటె, జీతం ఆపితె, పానం మంచిగ లేకుంటె దాచుకోకు. 'అంత మంచిగనే ఉన్నది' అని పెద్దమ్మకు చెప్పు గని నాకు మాత్రం నిజం చెప్పు. నేను ఏడ్వ. ఏం చెయ్యాల్నో కనుక్కుంట. అక్కడ ఉండలేననిపిస్తె వచ్చెయ్యి. ఉత్తచేతులతోని వచ్చినా నువ్వు మా అన్నవే. ఊర్లె ఎవరన్న ఏమన్న అంటె నేను జవాబు చెప్త. అప్పు ఈడ ఉండి గూడ కట్టొచ్చు. మనిషే పోతె ఎంత మిత్తి కట్టినా తిరిగి రాడు.

ఈసారి బతుకమ్మకు గునుగు పువ్వు, తంగేడు పువ్వు నేనే తెంపుకొస్త. నీ అంత దూరం పోను గని తెస్త. నువ్వు నేర్పిన సైకిలే కద.

పొద్దున గడప దాటేటప్పుడు 'పోతున్న' అనకు. బాపమ్మ ఊకోదు. 'పోయొస్త' అను. మరిచిపోకు.

నీ చెల్లె

ఒక్క అనుమతి చాలు

'వెళ్తున్నా' అనకూడదు, 'వెళ్లొస్తా' అనాలి. మన ఇళ్లలో పిల్లలకు మాటలు వచ్చినప్పట్నుంచీ నేర్పే మర్యాద ఇది. వెళ్లడంలోనే తిరిగి రావడాన్నీ కలిపి చెప్పే మాట. కానీ పరదేశం వెళ్లేవాడికి మనం ఇచ్చే దీవెనలు ఎలా ఉంటాయి? 'బాగా సంపాదించు', 'అప్పులన్నీ తీర్చు', 'ఇల్లు కట్టు', 'పేరు తేవాలి'. అన్నీ గెలిచి రావడం గురించే. గెలవకపోయినా రావచ్చని చెప్పేవాళ్లు ఎంతమంది?

ఆ ఒక్క మాట లేకపోవడం వల్లే కొందరు అక్కడే ఇరుక్కుపోతారు. జీతం రాదు, వచ్చినా ఒప్పుకున్నంత ఉండదు. ఇంటికి వద్దామంటే ఊళ్లో మొహం ఎలా చూపించాలన్న సిగ్గు. వడ్డీ పెరుగుతుందన్న భయం. చివరికి కంపెనీ వదిలి, కాగితాల్లేకుండా బయట దొరికిన పని చేసుకుంటారు. గల్ఫ్‌లో మనవాళ్లు వీళ్లను 'ఖల్లివెల్లి' అంటారు. జబ్బు చేస్తే ఆసుపత్రికి వెళ్లాలన్నా భయమే. అక్కడి ప్రభుత్వాలు క్షమాభిక్ష ప్రకటించినప్పుడు జరిమానా లేకుండా ఇంటికి రావడానికి వీలవుతుంది. కువైట్ 2018లో, యూఏఈ 2024లో అలాంటి అవకాశం ఇచ్చాయి. కానీ ప్రభుత్వం క్షమించినా, ఇంట్లోవాళ్లు ఏమంటారోనన్న బెంగ మాత్రం అలాగే ఉంటుంది.

పరదేశంలో ప్రమాదం చెప్పి రాదు. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికులు ఉండే భవనంలో మంటలు లేచి కనీసం 45 మంది భారతీయులు చనిపోయారు. వాళ్లంతా ఇంటికి నాలుగు రాళ్లు పంపడానికి వెళ్లినవాళ్లే. గల్ఫ్‌లో మరణించే కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల సాయం అందించేందుకు తెలంగాణ ప్రభుత్వం 2024లో ఉత్తర్వులు ఇచ్చింది. ఆ సాయం ఏ ఇంటికీ అవసరం పడకూడదనే అందరం కోరుకుంటాం.

అందుకే ఆ ఉత్తరం చెల్లెలి చేతి నుంచి రావాలి. తల్లి రాస్తే కన్నీళ్లే ఎక్కువవుతాయి. తండ్రి రాస్తే బాధ్యతలు గుర్తుకొస్తాయి. ఎవరి పెళ్లి కోసం వెళ్తున్నాడో ఆ పిల్లే 'నాకోసం వద్దు, నువ్వు క్షేమంగా ఉంటే చాలు' అంటే, భుజం మీంచి ఓ మూట దిగుతుంది. గల్ఫ్‌కి వెళ్లేవాడికే కాదు... విద్యారుణం తీసుకుని అమెరికా విమానం ఎక్కే ఇంజినీరింగ్ కుర్రాడికీ ఆ మాట అవసరమే. అక్కడా ఉద్యోగం రాకపోతే ఇంట్లో చెప్పలేక, 'బాగానే ఉన్నా' అని నవ్వే పిల్లలున్నారు.

తిరిగి రాని వాళ్లు

వెనక్కి వెళ్తే ఈ వీడ్కోళ్లు ఇంకా బరువైనవి. 1860లో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ డర్బన్ చేరింది. చెరకు తోటల్లో ఒప్పంద కూలీలుగా దక్షిణాఫ్రికాకు వెళ్లిన తొలి భారతీయులు ఆ ఓడలోని వాళ్లే. అలా వెళ్లిన కూలీల్లో తెలుగువాళ్లూ ఉన్నారు. ఒప్పందం ఐదేళ్లకు. ఎంతోమంది అక్కడే ఉండిపోయారు. రాయడం రాని వాళ్లకు ఉత్తరమైనా ఎక్కడిది?

ఐర్లాండులో 19వ శతాబ్దంలో ఓ ఆచారం ఉండేది. ఎవరైనా అమెరికా వెళ్తుంటే ముందురోజు రాత్రి ఊరంతా వాళ్ల ఇంట్లో చేరేది. పాటలు, ఆటలు, మధ్యలో ఏడుపులు. దాన్ని 'అమెరికన్ వేక్' అనేవారు. వేక్ అంటే మనిషి చనిపోతే రాత్రంతా మేలుకుని కూర్చునే జాగరణ. ఓడెక్కినవాణ్ని మళ్లీ చూడబోమని వాళ్లకు తెలుసు. అందుకే బతికుండగానే జాగరణ చేసేవారు.

మనవాళ్లలోనూ అలాంటి కథ ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు వైద్య పరిశోధన కోసం 1920ల మొదట్లో అమెరికా వెళ్లారు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయారు. ఆయన వెళ్లాక పుట్టిన కొడుకు పసితనంలోనే చనిపోయాడు. 1948లో కన్నుమూసేదాకా సుబ్బారావు మళ్లీ స్వదేశం రాలేదు. ఫోలిక్ యాసిడ్ తయారీ లాంటి పనులతో ఆయన బృందం ప్రపంచంలో ఎందరికో మేలు చేసింది. ఆ గొప్పతనం వెనుక దాదాపు పాతికేళ్ల ఓ ఇల్లాలి ఎదురుచూపూ ఉంది. గెలిచినవాళ్ల కథలోనూ గడప దగ్గర ఒకరు నిలబడే ఉంటారు.

ఫోనుంది కదా!

'రోజూ వీడియో కాల్ చేసుకుంటున్నాం, ఇంకా ఉత్తరం ఎందుకు?' అంటారా? నిజమే. మన దేశంలో 1950లో మొదలైన ఇన్‌లాండ్ లెటర్‌ను ఇప్పటి పిల్లల్లో చాలామంది చూసి ఉండరు. టెలిగ్రామ్ 2013 జులైలో ఆగిపోయింది. ఒకప్పుడు గల్ఫ్ ఉత్తరం వస్తే చదువుకున్న పిల్ల చుట్టూ ఇంటిల్లిపాదీ కూర్చుని చదివించుకునేవారు. తర్వాత క్యాసెట్లలో మాటలు రికార్డు చేసి, సెలవుపై వచ్చిపోయే వాళ్లతో పంపుకొనేవారు. ఇప్పుడు వేలితో నొక్కితే మనిషి ఎదురుగా కనిపిస్తాడు.

కానీ ఓసారి ఆ వీడియో కాల్ గుర్తు చేసుకోండి. ఫోన్ ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి మారుతుంది. 'తిన్నవా?' 'తిన్న.' 'మంచిగున్నవా?' 'ఉన్న.' వెనక టీవీ మోత. అటువైపు గదిలో పది మంది. స్పీకర్ ఆన్. ఇందులో 'బుగులైతుందా అన్నా?' అని ఎలా అడుగుతారు? ఆ మాటకు జవాబు ఎలా వస్తుంది? ఫోన్ రోజువారీ క్షేమ సమాచారానికి పనికొస్తుంది. లోపలి మాటకు మాత్రం ఏకాంతం కావాలి. అది కాగితం ఇస్తుంది. పైగా ఫోన్ మాట అప్పటికే అయిపోతుంది. కాగితాన్ని దిండు కింద పెట్టుకుని మళ్లీ మళ్లీ చదువుకోవచ్చు.

మీరూ రాస్తారా?

* సలహాలు తగ్గించండి. అవి చెప్పేవాళ్లు ఇంట్లో ఇప్పటికే చాలామంది ఉన్నారు.
* మీ ఇద్దరికే తెలిసిన ఒక్క జ్ఞాపకం రాయండి. సైకిలైనా సరే, దొంగతనంగా కోసిన మామిడికాయైనా సరే.
* అడగాలనుకుని అడగలేని ప్రశ్న ఒకటి అడగండి.
* వాళ్ల నెత్తిన మీ పేరుతో ఏదైనా బరువు ఉంటే, దించేయండి.
* బాగోలేకపోతే తిరిగి రావచ్చని ఒక్క వాక్యం తప్పకుండా రాయండి.
* అక్షరాలు బాగోలేదని సిగ్గుపడొద్దు. చదివేవాళ్లకు అవి మీ చేతిరాతే కావాలి.

ఉత్తరంతో పాటు ఇవీ...

ప్రేమతో పాటు జాగ్రత్త కూడా పెట్టెలో పెట్టాలి. ఇంట్లో చదువుకున్న ఆడపిల్ల ఉంటే ఈ కాగితాలు ఓసారి ఆమెతో చూపించుకోండి.

* పదో తరగతి పాసవని వారి పాస్‌పోర్టు సాధారణంగా ఈసీఆర్ తరగతిలో ఉంటుంది. అలాంటివారు ఉద్యోగానికి గల్ఫ్ సహా 18 దేశాలకు వెళ్లాలంటే 1983 నాటి వలస చట్టం ప్రకారం ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి ఉండాలి. ఆ కార్యాలయం హైదరాబాద్‌లోనూ ఉంది.
* ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్లో చూడొచ్చు. ఏజెంటు తీసుకోదగిన గరిష్ఠ రుసుము 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ. రసీదు అడగండి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారానూ విదేశీ ఉద్యోగాలకు దరఖాస్తు చేసుకోవచ్చు.
* విజిట్ వీసా మీద ఉద్యోగానికి వెళ్లొద్దు. 'అక్కడికి వెళ్లాక మారుస్తాం' అన్న మాట నమ్మి చిక్కుల్లో పడినవాళ్లు ఎందరో.
* ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద ప్రమాదవశాత్తు మరణించినా, శాశ్వతంగా వైకల్యం ఏర్పడినా 10 లక్షల రూపాయల బీమా ఉంటుంది. ప్రీమియం రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలు. పన్ను అదనం.
* పాస్‌పోర్టు, వీసా, ఉద్యోగ ఒప్పందం నకళ్లు ఇంట్లో ఉంచుకోండి. కష్టం వస్తే 2015లో మొదలైన మదద్ పోర్టల్‌లో ఇక్కడి నుంచే ఫిర్యాదు చేయొచ్చు. అప్పుడు మొదట అడిగేది ఆ వివరాలే.

తెల్లవారుతుంది. కారు వాకిట్లోకి వస్తుంది. ఎదురొచ్చేందుకు ముత్తయిదువ సిద్ధంగా ఉంటుంది. తల్లి పెరుగు చక్కెర నోట్లో పెడుతుంది. కుర్రాడు అందరి కాళ్లకూ మొక్కి, గడప దగ్గర ఓ క్షణం ఆగుతాడు. ఓ మూల నిలబడ్డ చెల్లెలి వైపు చూస్తాడు. అంగీ మడతల్లో ఏముందో అతనికింకా తెలియదు.

'పోయొస్త' అంటాడు.

సూట్‌కేసు తూకంలో ఆ కాగితం బరువు లెక్కకే రాదు. ఎడారిలో ఏదో ఒక రాత్రి మాత్రం, పెట్టెలోని అన్నిటికన్నా ముందు అతని చెయ్యి వెతికేది దాన్నే.